నమూనా ఖర్చు ఎవరిది?

కమలాదేవి ఛటోపాధ్యాయ స్మారక ఉపన్యాసం



కమలాదేవి గారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు ఆమె జీవితాన్ని మొత్తం చెప్పుకొస్తే గంట చాలదు. 1903లో మంగుళూరులో పుట్టారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. దేశ విభజన తర్వాత ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన శరణార్థుల కోసం భారత సహకార సంఘం పెట్టి, ఫరీదాబాదు పట్టణం నిలబడేదాకా వెంట ఉన్నారు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడితే ఇంచుమించు రెండు దశాబ్దాలు దాన్ని నడిపారు. 1988లో కన్నుమూశారు. ఈ వరుసలో ఒక సంగతి గమనించాలి. ఆమె హస్తకళల దగ్గరికి అందం కోసం రాలేదు, సహకారోద్యమం నుంచి వచ్చారు. పనిచేసేవాడి చేతిలో పనిముట్టు ఉండాలి, సరుకు మీద మాట ఉండాలి, లాభంలో వాటా ఉండాలి అన్న పట్టింపుతో వచ్చారు. కుండ బాగుందా లేదా అన్న ప్రశ్న ఆమెకు ఆ తర్వాతిది.

ఈనాటి నా విషయం డిజైనర్లు, చేతివృత్తులవారు కలిసి చేసే పని. ఈ మాట ఇప్పుడు బాగా చలామణిలో ఉంది. ఏ ప్రదర్శనకు వెళ్లినా గోడ మీద ఒక ఫొటో ఉంటుంది: మగ్గం పక్కన నేతన్న, ఆయన పక్కన నవ్వుతూ డిజైనర్. ఫొటోను తప్పుపట్టను. కానీ ఆ ఇద్దరూ నిజంగా కలిసి పనిచేశారో లేదో ఫొటో చెప్పదు. తెలుసుకోవడానికి నా దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉంది. కొత్తది ఏది చేయబోయినా మొదట ఒకటి రెండు సార్లు చెడుతుంది. రంగు పాకుతుంది, అంచు కుదరదు, కొలత తప్పుతుంది. ఆ చెడిన ముక్కకు అయిన నూలు, రంగు, రోజులు ఎవరి ఖాతాలో పడ్డాయి? దానికి జవాబు దొరికితే మిగతా సంబంధమంతా అర్థమైపోతుంది. ఈ గంటసేపూ ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుని కొన్ని ఊళ్లు తిరుగుదాం.

గుడ్డ మీద కనిపించని గీత

ముందు శ్రీకాళహస్తి. కలంకారీ పనిలో బొమ్మ వేయడం కన్నా ముందే సగం పని అయిపోతుంది. నేత గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు సిరాను పక్కలకు పాకనివ్వదు. కరక్కాయలోని వగరు నలుపును పట్టుకుంటుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో పలచగా బొమ్మ గీసుకుంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిమి అనే నల్ల సిరా తయారవుతుంది. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్నో గుడ్డపేలికో ఉండగా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండను కసిమిలో ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తుంటే సిరా మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలో పుస్తకంలో ఉండదు.

ఇక ఎరుపు. ఎర్రగా రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూస్తారు. పటిక నీళ్లకు చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు. గుడ్డ ఆరాక, పారే నీళ్లలో జాడించి, ఎర్ర రంగునిచ్చే వేళ్లతో చెక్కలతో కాచినప్పుడు పటిక పట్టిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట నిలవదు. అంటే కలంకారీ పనివాడు కంటికి ఆనని రంగుతో బొమ్మ వేస్తాడు. ఏది ముందు, ఏది తర్వాత, ఏ ఉతుకులో ఏది పోతుంది, ఏది మిగులుతుంది అన్నది మొత్తం ముందే మనసులో కట్టుకుని కూర్చుంటాడు. డిజైన్ కాలేజీలో దీన్నే ప్రణాళిక అంటారు, మూడు నాలుగేళ్లు నేర్పుతారు.

ఇది చెప్పడానికి కారణం ఉంది. డిజైన్ అంటే బయటినుంచి వచ్చేదనీ, పనివాడి దగ్గర ఉండేది చేతి నేర్పు ఒక్కటేననీ మనలో చాలామంది లోలోపల నమ్ముతారు. ఆ నమ్మకం నుంచే కష్టాలన్నీ మొదలవుతాయి. పాంటోన్ షేడ్ కార్డు పట్టుకొచ్చి, ఈ నంబరు ఎరుపే కావాలి, నలభై గజాలూ ఒకేలా ఉండాలి అని అడిగేవారు ఉన్నారు. నీటిలో సున్నం ఎంతుందో, ఎండ ఎలా కాసిందో, ఏటిలో పారే నీళ్లు ఉన్నాయో లేదో, వీటన్నిటినీ బట్టి ఆ ఎరుపు మారుతుంది. ఆ ఊరి ఏరు స్వర్ణముఖిలో నీళ్లు ఏడాది పొడుగునా ఉండవు. ఆ సంగతి తెలిసిన డిజైనర్ తన కలెక్షన్‌ను రంగుల తేడా దోషంగా కనిపించని విధంగా తయారుచేసుకుంటాడు. తెలియని డిజైనర్ గుడ్డలు వెనక్కి పంపుతాడు. వెనక్కి వచ్చిన గుడ్డ డబ్బు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

కట్టు కట్టాక మార్చలేం

ఇప్పుడు పోచంపల్లి వైపు వద్దాం. ఇక్కత్‌లో నూలుకు ముందు రంగు, తర్వాత నేత. పేక నూలును ఆసు అనే మేకుల చట్రం మీద పోస్తారు. గ్రాఫు కాగితం మీద గీసుకున్న గళ్ల ప్రకారం ఆ నూలు మీద గుర్తులు పెడతారు. రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు సన్నగా కోసి బిగించి కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని చోట్ల కట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులైతే అన్నిసార్లు. పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టే పనైతే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత కండెలు చుట్టి, వరస తప్పకుండా నాడెలో పెట్టుకుంటే అప్పుడు నేత మొదలవుతుంది. మగ్గం మీద బొమ్మ తేలడం చూసేసరికి, దాన్ని మార్చే అవకాశం ఎప్పుడో దాటిపోయింది.

కంప్యూటర్ తెర మీద పనిచేసే మనిషికి ఇది మొదట అంతుపట్టదు. తెర మీద ఏ నిమిషంలోనైనా పువ్వును పెద్దది చేయొచ్చు, నీలాన్ని పచ్చగా మార్చొచ్చు. అందుకే ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి.

"అన్నా, అంచు ఇంకో అర అంగుళం పెంచుదాం. మిగతాదంతా అట్లనే ఉంచండి."

"కట్టు అయిపోయింది మేడమ్. అద్దకం కూడ అయింది. ఇప్పుడు పెంచాలంటే నూలు కొత్తగ తీసుకోవాలె, మళ్ల ఆసు పోయాలె."

"ఒక్క అంచే కదా అన్నా?"

"అంచు వేరు, ఒళ్లు వేరు కాదు మేడమ్. అన్నీ కలిపే కట్టినం."

ఇక్కడ ఆ అమ్మాయి చెడ్డదేమీ కాదు, ఆమెకు ఈ పని ఎవరూ చూపించలేదు, అంతే. కానీ ఆ సంభాషణ తర్వాత జరిగేదేమిటి? చాలాసార్లు నేతన్న కాదనలేడు. కాదంటే ఈ ఆర్డరు పోతుంది, వచ్చే ఆర్డరూ పోతుంది. కొత్త నూలు తెస్తాడు. పాత నూలు మూలన పడుతుంది. కంపెనీ డిజైనర్‌కు జీతం ఇస్తుంది, మగ్గాల మీద పని చేయించే మాస్టర్ వీవర్‌కు చీర ధర ఇస్తుంది. మూలన పడ్డ నూలుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆసు పోసిన ఇల్లాలి పనికి అసలు విడిగా మజూరీయే కట్టరు. అది ఇంటిపనిలో కలిసిపోయింది.

2019-20 నాలుగో జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో చేనేతలో, దాని అనుబంధ పనుల్లో ఉన్నవారు 35 లక్షల పైచిలుకు. వారిలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలు. మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం అయిదు వేల రూపాయల లోపు. అయిదు వేల లోపు ఆదాయం ఉన్న ఇంటిమీద ప్రయోగం ఖర్చు మోపి, దానికి నవకల్పన అని పేరు పెట్టడం న్యాయమా అన్నది నా ప్రశ్న.

సర్కారు నష్టం మోసిన రోజులు

ఒకప్పుడు ఈ ఖర్చును సర్కారు మోసింది. 1956 నుంచి దేశంలో వీవర్స్ సర్వీస్ సెంటర్లు వెలిశాయి. పుపుల్ జయకర్ గారి చొరవతో వచ్చిన ఈ కేంద్రాల్లో పేరున్న చిత్రకారులు పనిచేశారు. కె.జి. సుబ్రమణ్యన్, ప్రభాకర్ బర్వే, అర్పితా సింగ్, మను పరేఖ్ వంటివారు యవ్వనంలో అక్కడివారే. కేంద్రంలోనే మగ్గాలు ఉండేవి, అద్దకం లాబొరేటరీ ఉండేది, నెల జీతం మీద నేతపనివారు ఉండేవారు. చిత్రకారుడు ఒక ఆలోచన గీస్తే దాన్ని అక్కడే నేసి చూసేవారు. చెడితే కేంద్రం ఖాతాలో చెడేది. కుదిరిన నమూనా బయటి మగ్గాలకు వెళ్లేది. తప్పు చేయడానికి జీతం ఇచ్చే చోటు ఒకటి ఉండేదన్నమాట. ఆ ఏర్పాటు విలువ అది తగ్గుముఖం పట్టాక గానీ మనకు తెలియలేదు.

శ్రీకాళహస్తిలో కూడా అదే జరిగింది. కలంకారీ కలం పట్టేవారు చేతివేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి వచ్చినప్పుడు, 1950ల చివర్లో కమలాదేవి గారు హస్తకళల బోర్డు తరఫున అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ నేర్పారు. ఆయన కుమారుడు గురప్ప శెట్టి గారు ఆ విద్యను ముందుకు తీసుకెళ్లి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కేంద్రంలో నేర్పడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు. ఊళ్లో మిగిలిన పెద్దలే గురువులు. బోర్డు చేసిందల్లా గురువుకు జీతం, శిష్యుడికి నేర్చుకునే తీరిక ఇవ్వడం. తొలి ఏళ్లలో పాడైన గుడ్డల లెక్క ప్రభుత్వం భరించింది. ఈ రోజు శ్రీకాళహస్తి వీధుల్లో కలంకారీ కనిపిస్తోందంటే దాని వెనక ఆ పాడైన గుడ్డలున్నాయి.

ఆ రోజుల్లో అంతా బాగుందని చెప్పను. సర్కారు కేంద్రాల్లో కొన్ని మంచి నమూనాలు బీరువాలోనే ఉండిపోయాయి. అంగడిలో ఏది పోతుందో ఆ బీరువాకు తెలియదు. నేతవాడు ఎప్పటికీ శిష్యుడే, చిత్రకారుడు ఎప్పటికీ గురువే అన్న అలవాటు కూడా అక్కడ కొంత స్థిరపడింది. అయినా నష్టాన్ని పంచుకోవడం అన్న మూలసూత్రం మాత్రం సరైనది. 2020లో అఖిల భారత చేనేత బోర్డునూ, హస్తకళల బోర్డునూ కేంద్రం రద్దు చేసింది. పనివారి మాట ఢిల్లీకి వినిపించే ఒక బల్ల పోయింది. దాని స్థానంలో ఏం రావాలన్న చర్చ అప్పుడూ పెద్దగా జరగలేదు, ఇప్పుడూ జరగడం లేదు.

సర్కారు బయట కూడా ఇలా నడిచినవారు ఉన్నారు. హైదరాబాదులో సురయ్యా హసన్ బోస్ గారు 2021లో మరణించేదాకా చేసింది ఇదే. ఇక్కత్‌ను చీర, రుమాలు దాటించి పరదాలకూ, సోఫాలకూ గజాల లెక్కన నేయించారు. హిమ్రూ, మష్రూ వంటి మరుగున పడ్డ నేతలను మళ్లీ మగ్గమెక్కించి, భర్తలను పోగొట్టుకున్న స్త్రీలకు నేర్పించి, తన ఆవరణలోనే పని ఇచ్చారు. ఒక సీజనుతో తెగిపోయే ఆర్డరు కాదది. నేర్చుకునే కాలానికి కూడా కూలి దొరికే ఏర్పాటు.

చెట్టు కూడా భాగస్తురాలే

ఉత్తరాంధ్రకు వెళ్దాం. వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో అద్దితే నిగనిగలాడుతుంది. బొమ్మ పసిపిల్లల నోట్లోకి పోయేది కాబట్టి ఏ రంగు వాడామన్నది ఇక్కడ చాలా ముఖ్యం. రసాయన రంగులు వచ్చి లక్కలో కలిసిపోయిన కాలంలో ఆ ఊరివారే అయిన సి.వి. రాజు గారు గింజలు, ఆకులు, వేళ్లు, బెరడుల నుంచి రంగు తీసి, అది లక్కలో కుదిరేదాకా పనివారితో కూర్చుని పాటుపడ్డారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది.

ఆయన డిజైన్ బడిలో చదివారా లేదా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. ఊరు విడిచి పోలేదు. అది పెద్ద విషయం. ప్రయోగం విఫలమైన మర్నాడు కూడా అదే వీధిలో, అదే పనివాడి ఎదుట ఉండాల్సిన మనిషి ఆచితూచి ప్రయోగం చేస్తాడు. వారం రోజుల వర్క్‌షాపుకు వచ్చి వెళ్లేవారికి ఆ జాగ్రత్త అక్కర్లేదు.

ఏటికొప్పాక ఇంకో పాఠం కూడా చెబుతుంది. బొమ్మలకు గిరాకీ పెరిగితే అంకుడు చెట్టు మీద భారం పెరుగుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి పరిస్థితీ ఇదే. చెట్టు దొరకనప్పుడు కర్ర కోసం పనివాడు తిరగాలి, అటవీశాఖ వారి అనుమతులకు తిరగాలి, ఎక్కువ ధర పెట్టాలి. డిజైనర్ గీసిన బొమ్మ కాస్త లావైతే చక్రం కింద పోయే పొట్టు ఎంత పెరుగుతుందో, ఎన్ని కొమ్మలు ఎక్కువ కావాలో ముందే లెక్క వేయాలి. చిన్న కొమ్మల్లోంచే వచ్చే బొమ్మను ఊహించడం కూడా డిజైనే, ఆ మాటకొస్తే అసలైన డిజైన్ అదే.

అనంతపురం ప్రాంతంలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట మాట కూడా చెప్పాలి. తోలుబొమ్మలాట చూసే జనం తగ్గిపోయాక ఆ కళాకారులు మేకతోలును పలచగా చేసి, చిల్లులు పొడిచి, రంగులు వేసి దీపాల తొడుగులు చేయడం మొదలుపెట్టారు. ఇది బయటివారి ఆలోచనా, ఊరివారి ఆలోచనా అని తవ్వుకోవడం కన్నా, అది ఎందుకు కుదిరిందో చూడటం మేలు. తోలుబొమ్మ తెర వెనక దీపం వెలుగులో బతికే బొమ్మ. దీపపు తొడుగులోనూ వెలుగు వెనకనుంచే వస్తుంది. పనివారికి తెలిసిన అసలు విద్య, తోలులోంచి వెలుగు ఎంత దిగాలో తేల్చే విద్య, కొత్త వస్తువులో చెక్కుచెదరలేదు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వస్తువు మారినా విద్య మిగిలిందా అన్నది చూసుకుంటే, ఏ మార్పు నిలుస్తుందో ఏది పోతుందో ముందే కొంత చెప్పవచ్చు. అయితే ఆట పోయింది, పాట పోయింది, రాత్రంతా కథ నడిపే గొంతు పోయింది. దీపపు తొడుగు వాటిని కాపాడలేదు. ఆ లోటును కూడా లెక్కలో రాసుకోవాలి.

ఇంట్లోంచి వచ్చిన డిజైనర్

ఆసు గురించి ఇంతకు ముందు చెప్పాను. ఒక చీరకు సరిపడా నూలు పోయాలంటే చేతిని మేకుల చుట్టూ అటూ ఇటూ ఇంచుమించు తొమ్మిది వేల సార్లు తిప్పాలి. తరాల తరబడి ఈ పని ఆడవాళ్లదే. భుజం కీళ్లు అరిగిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మమ్మ పడే బాధ చూసి, బడి చదువు మధ్యలో ఆగినా, 1992 ప్రాంతంలో యంత్రం పని మొదలుపెట్టారు. డబ్బు అయిపోయింది, అప్పులయ్యాయి, ఊళ్లో నవ్వారు. హైదరాబాదు పోయి కూలిపని చేసుకుంటూ, మిగిలిన డబ్బుతో భాగాలు కొనుక్కుంటూ 1999లో పూర్తి చేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

మనం చప్పట్లు కొట్టాం, బాగుంది. కానీ ఏడేళ్ల నమూనాల ఖర్చు ఎవరు పెట్టారు? ఆ ఇల్లే పెట్టింది. మరో సంగతి కూడా ఆలోచించండి. పోచంపల్లి ఇక్కత్ డిజైనర్లను ఎంతగానో ఆకర్షించిన నేత. అక్కడికి వచ్చిన కళ్లన్నీ చీర మీద ఆగాయి, ఆ భుజం మీద ఆగలేదు. కొత్త పువ్వు, కొత్త రంగు, కొత్త అంచు వచ్చాయి. పని సులువయ్యే ఉపాయం మాత్రం ఆ నొప్పి ఎరిగిన ఇంట్లోంచే రావాల్సి వచ్చింది. వస్తువుకే కాదు, వస్తువు చేసే ఒంటికీ డిజైన్ కావాలి. ఈ సభలోని విద్యార్థులు ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు ఈ మాట గుర్తుంచుకుంటే ఎంతో మేలు.

పేరు ఎవరిది?

నష్టం సంగతి తర్వాత వాటా సంగతి. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003 నుంచి అమలవుతోంది. పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారీ తొలినాళ్లలోనే ఆ గుర్తింపు పొందాయి. ఇది ఊరి పేరును కాపాడుతుంది. సూరత్ మిల్లులో పాలియెస్టర్ మీద అచ్చువేసిన ఇక్కత్ పువ్వును పోచంపల్లి అని అమ్మితే తప్పు అంటుంది. కానీ ఆ పువ్వును పోచంపల్లి అనకుండా అమ్మితే ఈ చట్టం అడ్డుపడదు. ఫలానా నేతన్న ఇంట్లో పుట్టిన ఫలానా కొత్త బొమ్మ ఆయనదే అని చెప్పడానికి కూడా ఇది పనికిరాదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. డిజైన్‌ను బయటపెట్టక ముందే దరఖాస్తు పెట్టాలి. మగ్గం ముందు కూర్చునే మనిషికి అంత తీరికా లేదు, ఆ కాగితాలు రాసిపెట్టే మనిషీ లేడు.

అందువల్ల కలిసి చేసిన పనిలో పేరు ఒప్పందం మీదే ఆధారపడుతుంది. ట్యాగు మీద డిజైనర్ పేరు పెద్ద అక్షరాల్లో ఉండి, కింద 'చేనేత కళాకారుల చేత' అని మాత్రం ఉంటే ఆ కళాకారులు ఎవరో కొన్నవాడికి తెలియదు. తెలిస్తే నేరుగా వారి దగ్గరికే పోతాడేమోనన్న భయం కంపెనీకి ఉంటుంది. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ భయం మీద కట్టిన వ్యాపారాన్ని సహకారం అనకూడదు. కొనుగోలు అంటే సరిపోతుంది.

ఇక్కడ డిజైనర్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పుడే చదువు ముగించి వచ్చిన పిల్లలు చాలీచాలని జీతాల మీద పనిచేస్తున్నారు. మార్పులు వారి ఇష్టంతో జరగవు, పైనుంచి వస్తాయి. ఒప్పుకున్న తేదీకి సరుకు రాక, షో ముందురోజు రాత్రి ఏడ్చినవారూ ఉన్నారు. ఊళ్లో పెళ్లి వచ్చిందనో, మరొకరు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చారనో పని మధ్యలో ఆపేసిన నేతవారూ లేకపోలేదు. మాట తప్పడం ఒక వైపే ఉండదు. అందుకే మంచితనం మీద వదిలేయకుండా కాగితం మీద పెట్టుకోవాలంటున్నాను.

పనివారికే డిజైన్ బడి

మనం నేర్చుకోదగ్గ ఒక ప్రయత్నం కచ్‌లో జరిగింది. 2005లో జూడీ ఫ్రేటర్ గారు కళా రక్షా విద్యాలయం మొదలుపెట్టారు. తర్వాత 2014లో సోమయ్యా కళా విద్యా వచ్చింది. అక్కడ విద్యార్థులు పనివారే: అచ్చులతో అజ్రఖ్ బట్టలు అద్దేవారు, నేతవారు, కుట్టుపని చేసే స్త్రీలు. ఏడాది చదువును చిన్నచిన్న విడతలుగా విడగొట్టి, మధ్యలో ఇంటికి పోయి పని చేసుకునే వీలు ఇచ్చారు. రంగు, కూర్పు, మార్కెట్టు, కలెక్షన్ తయారీ నేర్పి, చివర్లో వారి పేరు మీదే ప్రదర్శన పెట్టించారు. అలా చదువుకున్నవారితో డిజైనర్ మాట్లాడే తీరే వేరు. ఇద్దరికీ ఒకే భాష తెలుసు. ఒకరు చెప్పింది రెండోవారు కాదనగలరు.

మన దగ్గర హైదరాబాదులో ఫ్యాషన్ సాంకేతిక సంస్థ నిఫ్ట్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ నడుస్తోంది. వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. ఈ బడుల పిల్లలు ఊళ్లకు వెళ్లి పనివారి దగ్గర నేర్చుకుని, ఫొటోలు తీసుకుని, డాక్యుమెంటు రాసి మార్కులు తెచ్చుకుంటారు. పనివాడు వారికి రోజుల తరబడి నేర్పుతాడు. ఆ నేర్పినందుకు గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చే గౌరవ వేతనం ఇస్తే ఏం పోతుంది? అదే బడిలో పోచంపల్లి, శ్రీకాళహస్తి, ఏటికొప్పాకల నుంచి వచ్చిన యువకులకు తెలుగులో, విడతలవారీగా నడిచే ఒక కోర్సు పెడితే ఏం పోతుంది?

ఒక్క పేజీ ఒప్పందం

ఉపన్యాసం ముగించేముందు చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను. ఇవి పెద్ద పథకాలు కావు, సహకార సంఘాలూ డిజైనర్లూ రేపటినుంచి మొదలుపెట్టగలిగినవి.

మొదటిది, నమూనాకు మజూరీ. అమ్ముడుపోయే బట్ట కన్నా నమూనాకు ఎక్కువ రేటు ఉండాలి, ఎందుకంటే అందులో ఆలోచనా నష్టభయమూ రెండూ ఉన్నాయి. కుదిరినా కుదరకపోయినా ఆ డబ్బు ఇవ్వాలి. ఆసు పోసినవారికి, కండెలు చుట్టినవారికి విడిగా లెక్క కట్టాలి. రెండోది, మార్పుకు గడువు. ఇక్కత్‌లో కట్టు మొదలయ్యేదాకా, కలంకారీలో కసిమి గీత పడేదాకా, లక్క పనిలో రంగు కాచేదాకా. ఆ తర్వాత మార్చాలంటే మార్చమన్నవారే ఖర్చు పెట్టుకోవాలి. మూడోది, మళ్లీ వచ్చే ఆర్డరు. కలిసి తయారుచేసిన డిజైన్‌ను నేయించాలంటే, నిర్ణీత కాలం దాకా ముందు ఆ ఇంటినే అడగాలి. చవగ్గా వస్తుందని మరో ఊళ్లో చేయించుకుంటే మొదటి ఇంటికి వాటా పంపాలి. నాలుగోది, పేరు. ట్యాగు మీద ఊరితో పాటు, వారు సమ్మతిస్తే, మనిషి పేరూ ఉండాలి. అయిదోది, ముడిసరుకు. కర్ర వాడితే చెట్టు నాటడానికి, రంగు వాడితే నీళ్లు శుభ్రం చేయడానికి ధరలో కొంత పక్కన పెట్టాలి.

చివరగా ప్రభుత్వాలకు ఒక మనవి. బహుమతులు, బిరుదులు ఇస్తున్నారు, సంతోషం. వాటితో పాటు ప్రతి జిల్లాలో నమూనాల నిధి ఒకటి పెట్టండి. కొత్తది ప్రయత్నించి చెడిన ముక్కను తెచ్చి చూపిస్తే దాని ఖర్చు తిరిగి ఇచ్చే నిధి. కమలాదేవి గారి బోర్డు ఆ రోజుల్లో చేసిన పనే ఇది, ఈ కాలానికి తగ్గట్టు మళ్లీ చేయమంటున్నాను.

పై అయిదు అంశాలతో తెలుగులో ఒక్క పేజీ ఒప్పంద పత్రం తయారు చేయించమని సభ నిర్వాహకులను కోరుతున్నాను. అందులో మొదటి గడి నమూనా మజూరీ అయి ఉండాలి. నేతన్నలూ, కళాకారులూ, మీ ముందుకు ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు ఆ గడి చూడండి. ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి. పిల్లలూ, ఆ గడి నింపకుండా కాగితం తీసుకెళ్లకండి.